సాంగ్విన్: ఒక్క ఇంగ్లీషు మాటను అర్థంతో, వాడుకతో సహా సొంతం చేసుకోవడం ఎలా

సాంగ్విన్ అనే మాట ఇంగ్లీషు పేపర్ల ఎడిటోరియల్ పేజీల్లో, ఆర్థిక విశ్లేషణల్లో, జీఆర్‌ఈ పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది గానీ మామూలు మాటల్లో ఎవరి నోటా వినపడదు. పదాల జాబితా పట్టుకుని చదివేవాళ్లు దీని పక్కన "ఆశావాది" అని రాసుకుని తర్వాతి మాటకు వెళ్లిపోతారు. పరీక్ష హడావిడిలో అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ ఒక్క అర్థం పట్టుకుని పేపర్ చదివితే చాలాచోట్ల వాక్యంలోని చురక తెలియకుండా పోతుంది, మీరే రాయబోతే వాక్యం ఎక్కడో తేడాగా వినిపిస్తుంది.

అందుకే ఈ గైడ్ మొత్తం ఈ ఒక్క మాట మీదే. ఒక్క మాటకు ఇంత కష్టం అవసరమా అంటే, నా లెక్కలో అవసరమే. రోజుకు యాభై మాటలు బట్టీ పట్టి నెల తిరిగేసరికి అన్నీ మర్చిపోయేకన్నా, వారానికి ఒక మాటను ఇలా లోతుగా పట్టుకోవడం మేలు. పైగా ఒకదాన్ని ఇలా చదివితే దాని చుట్టాలు అరడజను దాకా వెంట వచ్చేస్తాయి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి, చాలు.

1. ముందు నోటికి అలవాటు చేసుకోండి

స్పెల్లింగ్: ఎస్, ఏ, ఎన్, జి, యు, ఐ, ఎన్, ఇ. చివర్లో ఉన్న ఆ నాలుగు అక్షరాల గుంపు చూసి చాలామంది "జెన్యూయిన్" గుర్తొచ్చి "సాంగ్యూయిన్" అనేస్తారు, మరికొందరు "సాంగ్వైన్" అంటారు. రెండూ కావు. "పెంగ్విన్" ఎలా పలుకుతారో చూడండి, చివర సరిగ్గా అదే చప్పుడు. పెంగ్విన్, సాంగ్విన్. పలకని ఇ ఒకటి చివర అదనంగా ఉంది, అంతే.

మొదటి అచ్చు దగ్గర కాస్త ఆగాలి. రాయడానికి "సా" అని రాస్తున్నాం గానీ అది "సాగరం"లోని సా లాంటిది కాదు. "బ్యాంకు"లో వినిపించే అచ్చు అది. మనం "వచ్చాడు" అని మాట్లాడేటప్పుడు "చ్చా" దగ్గర నోరు పక్కలకు సాగి ఆ, ఏల మధ్య ఒక ధ్వని వస్తుంది కదా, దాన్నే తీసుకొచ్చి "స" పక్కన పెట్టండి. ఒత్తు మొదటి భాగం మీద, రెండోది తేలిగ్గా. అనుమానం ఉంటే యూగ్లిష్ అనే సైట్‌లో ఈ మాట కొడితే నిజమైన వీడియోల్లో రకరకాల మనుషులు దీన్ని పలికిన చోట్లు వరసగా వినిపిస్తుంది. నాలుగైదు విని, వెంటనే గట్టిగా పైకి అనండి. నోరు తిరగని మాట చేతికీ రాదు.

2. అర్థం చూడకుండా వాక్యాలు చదవండి

చాలామంది ముందు డిక్షనరీ తెరుస్తారు. ఈ ఒక్కసారికి ఆ వరస తిప్పండి. ఈ నాలుగు వాక్యాలు చదవండి. పేపర్లలో ఈ మాట వచ్చే తీరును బట్టి నేను కట్టినవి ఇవి:

"ఎకనామిస్ట్స్ ఆర్ లెస్ సాంగ్విన్ అబౌట్ ఎక్స్‌పోర్ట్స్ దిస్ ఇయర్."

"డిస్పైట్ టూ డిఫీట్స్, షి రిమెయిన్డ్ సాంగ్విన్ అబౌట్ హర్ ఛాన్సెస్."

"ది రిపోర్ట్ టేక్స్ ఎన్ ఓవర్లీ సాంగ్విన్ వ్యూ ఆఫ్ గ్రౌండ్‌వాటర్ లెవెల్స్."

"హి సీమ్స్ రిమార్కబ్లీ సాంగ్విన్ అబౌట్ ది రిస్క్స్."

ఇప్పుడు ప్రతి వాక్యం కింద ఒక్క ముక్క రాయండి: ఈ మాట ఇక్కడ మెచ్చుకోలా, తప్పుపట్టడమా, ఉత్త వర్ణనా? మొదటి దాంట్లో ఆ గుణం తగ్గింది అంటున్నారు. రెండోదాంట్లో మెచ్చుకోలు ఉంది. మూడోది విమర్శ. నాలుగోదాంట్లో మాట్లాడేవాడి ఆశ్చర్యం, కొంచెం ఆందోళన కూడా. నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే, ముందు ముందు ఏం జరగబోతుందోనన్న విషయంలో ఒక మనిషి మనసు ఎలా ఉంది అన్నది. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. నిన్న జరిగిన సంబరానికి ఈ మాట వాడరు. పుట్టినరోజునాడు సంతోషంగా ఉన్నానని చెప్పడానికి ఇది పనికిరాదు. చూపు ఎప్పుడూ రాబోయేదాని మీద ఉండాలి, ఆ రాబోయేదాంట్లో ఎంతో కొంత అనుమానానికి చోటు ఉండాలి. సూర్యుడు రేపు ఉదయిస్తాడని ఎవరూ సాంగ్విన్‌గా ఉండరు.

3. ఇప్పుడు డిక్షనరీ, అదీ ఒకటికి రెండు

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్, మెరియం వెబ్‌స్టర్, ఈ మూడూ నెట్‌లో ఉచితమే. మొదటి రెండూ ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి, నిర్వచనం తేలిక మాటల్లో ఉంటుంది, "ఫార్మల్" అనే గుర్తు ఉందో లేదో కూడా చూసుకోవచ్చు. ఆ గుర్తును దాటేయకండి, ఎనిమిదో మెట్టులో దాంతోనే పని పడుతుంది. మెరియం వెబ్‌స్టర్‌లో మాట పుట్టుక, పాత అర్థాలు బాగుంటాయి. తెలుగు మాట కోసం ఆంధ్రభారతి నిఘంటు శోధనలో వెతకొచ్చు, బ్రౌన్, శంకరనారాయణ లాంటి పాత నిఘంటువులు ఒకేచోట దొరుకుతాయి. కానీ అక్కడ కనిపించిన మాటను అప్పుడే నోటుబుక్కులో ఎక్కించకండి.

4. పుట్టుక చూడండి, ఇది ఈ మాటలో అన్నిటికన్నా రుచికరమైన భాగం

లాటిన్‌లో సాంగ్విస్ అంటే నెత్తురు. నెత్తురుకీ ఆశకీ ఏమిటి సంబంధం?

పాత గ్రీకు వైద్యంలో ఒంట్లో నాలుగు ద్రవాలు ఉంటాయని నమ్మేవారు: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. క్రీస్తుకు పూర్వం హిప్పోక్రటీస్ పేరు మీద వచ్చిన గ్రంథాల్లో ఈ ఆలోచన ఉంది, క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు దాన్ని బాగా విస్తరించాడు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా యూరప్ వైద్యం ఆ పునాది మీదే నడిచింది. ఏ ద్రవం ఎక్కువైతే మనిషి స్వభావం అలా ఉంటుందని లెక్క. రక్తం వంతు ఎక్కువున్నవాడికి బుగ్గలు ఎర్రగా ఉంటాయి, ఉత్సాహం, ధైర్యం, నలుగురితో కలుపుగోలుతనం, ఏదైనా మంచే జరుగుతుందన్న నమ్మకం ఉంటాయి. వాడే సాంగ్విన్ మనిషి.

కాబట్టి ఇంగ్లీషులో ఈ మాట ముందు రంగును, ఛాయను చెప్పింది, తర్వాత స్వభావాన్ని, ఆ స్వభావంలోంచి 1500 ప్రాంతానికి ఆశ, నమ్మకం అనే అర్థం వచ్చింది. వైద్య సిద్ధాంతం పోయింది, అర్థం మాత్రం మిగిలిపోయింది.

ఇదేదో దూరపు యూరప్ సంగతి అనుకోనక్కర్లేదు. ఇదే గ్రీకు వైద్యం అరబ్బుల ద్వారా, పర్షియా మీదుగా మన దగ్గరికి యునానీగా వచ్చింది. యునానీ అన్న పేరుకే గ్రీకు అని అర్థం. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా ఆసుపత్రి యునానీ ఆసుపత్రే. ఆ వైద్యంలో ఇప్పటికీ నాలుగు ద్రవాల పేర్లు దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా. దమ్ అంటే రక్తం, రక్త ప్రధానమైన స్వభావం దమ్‌వీ మిజాజ్. అంటే ఇంగ్లీషులో సాంగ్విన్ టెంపరమెంట్ అన్నదానికి సొంత అన్నదమ్ముడు పాతబస్తీలో వాడుకలో ఉన్నాడన్నమాట.

ఇంకా దగ్గరగా రావాలంటే మన ఆయుర్వేదపు వాత పిత్త కఫాలు ఉన్నాయి. ఆ దోషాలను స్వభావానికి అంటగట్టడం తెలుగులోనూ ఉంది. "వాడికి పైత్యం ఎక్కువైంది" అంటాం, పిత్తం కొలిచి అనడం లేదు కదా. అలాగే భయపడ్డవాణ్ని చూసి "ముఖంలో నెత్తురు చుక్క లేదు" అంటాం. దాన్ని తిరగేస్తే నెత్తురు నిండిన ముఖం, బెదురు లేని ముఖం. ఈ మాటను గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కొక్కెం నాకు తెలిసి లేదు.

5. తెలుగులో దీని చోటు వెతకండి

ఈ మెట్టు దగ్గర తొందర వద్దు. "ఆశావాది" అన్నది తప్పు కాదు గానీ అది పుస్తకాల మాట, పైగా జీవితాంతం ఉండే దృక్పథం. సాంగ్విన్ చాలాసార్లు ఒక ఫలానా విషయం గురించి, ఫలానా సమయంలో ఉండే మనఃస్థితి. మనం రోజూ వాడే "ధీమా" దీనికి చాలా దగ్గర. "ఏం కాదులే అని ధీమాగా ఉన్నాడు" అన్నప్పుడు అందులో నమ్మకం ఉంది, స్థిమితం ఉంది, "మరీ అంత ధీమా పనికిరాదు" అనే అవకాశమూ అందులోనే దాగుంది. సాంగ్విన్ కూడా అచ్చం ఇలాగే రెండు వైపులా మొగ్గుతుంది.

పైన ఇచ్చిన వాక్యాలనే తెలుగు చేసి చూద్దాం. "రెండుసార్లు ఓడినా గెలుస్తానన్న ధీమా ఆమెకు తగ్గలేదు." హాయిగా కుదిరింది. "భూగర్భజలాల మట్టం విషయంలో ఈ నివేదిక మరీ ధీమాగా మాట్లాడుతోంది." ఇదీ కుదిరింది, విమర్శ కూడా వచ్చింది. మొదటి వాక్యానికి మాత్రం ధీమా బరువైపోతుంది, "ఈ ఏడాది ఎగుమతుల మీద ఆర్థికవేత్తలు అంతగా ఆశ పెట్టుకోవడం లేదు" అంటేనే సహజం. నాలుగోది చూడండి: "అంత రిస్కు ఉన్నా అతనికి బెదురే లేదు." చీమ కుట్టినట్టైనా లేదు అని కూడా అనబుద్ధేస్తుంది గానీ అది పట్టనితనం, సాంగ్విన్‌లో పట్టించుకోకపోవడం ఉండదు, పట్టించుకుని కూడా మంచే జరుగుతుందనుకోవడం ఉంటుంది.

కాబట్టి నోటుబుక్కులో ఒక్క మాట రాయకండి. ధీమా, ఆశ, బెదురు లేకపోవడం, ఈ మూడూ వాక్యాలతో సహా రాయండి. నేను చెప్పినవే అక్కర్లేదు, మీ ఇంట్లో, మీ జిల్లాలో ఈ భావానికి ఇంకో మాట ఉంటే అది ఇంకా బాగా అతుక్కుంటుంది.

6. దాని పక్కన ఏ మాటలు కూర్చుంటాయో చూసుకోండి

నా ఉద్దేశంలో ఒక మాట వచ్చినట్టా రానట్టా అన్నది తేలేది ఇక్కడే. సాంగ్విన్ తర్వాత ఎక్కువగా వచ్చేది "అబౌట్". సాంగ్విన్ అబౌట్ ది ఫ్యూచర్, అబౌట్ ఇన్‌ఫ్లేషన్, అబౌట్ ది మాన్సూన్. "సాంగ్విన్ దట్" అని వాక్యం జోడించడమూ కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో "సాంగ్విన్ ఆఫ్ సక్సెస్" తగలొచ్చు, చదివితే అర్థం చేసుకోండి, మీరు రాయకండి. "సాంగ్విన్ టు విన్" అనడం మాత్రం కుదరదు, "హోపింగ్ టు విన్" నమూనాలో మనవాళ్లకు అది సులువుగా వచ్చేస్తుంది కాబట్టి జాగ్రత్త.

నామవాచకం ముందు పెడితే వ్యూ, అవుట్‌లుక్, అసెస్‌మెంట్, ఎక్స్‌పెక్టేషన్స్, టెంపరమెంట్ లాంటివి బాగా నప్పుతాయి. సాంగ్విన్ కారు, సాంగ్విన్ ఊరు ఉండవు. మనిషి, మనిషి అభిప్రాయం, మనిషి అంచనా, ఇంతవరకే దీని పరిధి.

పేపర్ చదివేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. ఈ మాట తరచూ కాదనే మాటతో కలిసి వస్తుంది: నాట్ సో సాంగ్విన్, లెస్ సాంగ్విన్, ఫార్ ఫ్రమ్ సాంగ్విన్. ఎవరో ఒకరు ధీమాగా ఉన్నారు, రాసేవాడు ఆ ధీమాను ఒప్పుకోవడం లేదు, అలాంటి చోట ఇది సరిగ్గా పేలుతుంది. "ది మినిస్టర్ ఈజ్ సాంగ్విన్ అబౌట్ ది మాన్సూన్, ది ఫార్మర్స్ ఆర్ నాట్" అన్న వాక్యంలో ఎంత సంగతి ఇమిడిందో చూడండి. ఓవర్లీ, టూ, అన్‌డ్యూలీ లాంటివి ముందు తగిలితే అది దాదాపు ఎప్పుడూ మందలింపే.

దీని నామవాచక రూపాలు, క్రియావిశేషణం డిక్షనరీలో ఉంటాయి, వాడేవాళ్లు తక్కువ. అవసరమైతే "ఎ సాంగ్విన్ అవుట్‌లుక్" అనేసి బయటపడండి.

7. చుట్టాలను కలవండి, కానీ పొరపాటు పడకండి

అన్నిటికన్నా ప్రమాదకరమైన చుట్టం సాంగ్వినరీ. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, అర్థం మాత్రం రక్తసిక్తమైన, నెత్తురు పారిన అని. సాంగ్వినరీ బ్యాటిల్ అంటే నెత్తురు ఏరులై పారిన యుద్ధం. యుద్ధం గురించి రాస్తూ ఒకదాని బదులు ఒకటి పెడితే అర్థం తలకిందులవుతుంది.

కన్‌సాంగ్వినిటీ మనకు బాగా కావలసిన మాట. కన్ అంటే కలిసి, అంటే రక్తసంబంధం. పిల్లల డాక్టరు దగ్గరికి, గర్భిణుల ఓపీకి వెళ్తే "మేనరికమా?" అని అడుగుతారు కదా, ఆ జవాబు కేస్‌షీట్‌లో ఈ మాటగానే ఎక్కుతుంది. మేనరికం కాకపోతే ఎన్‌సీఎం అని మూడక్షరాలు రాస్తారు, నాన్ కన్‌సాంగ్వినియస్ మ్యారేజ్ అని దాని పూర్తి రూపం. మేనమామను చేసుకుంటే సెకండ్ డిగ్రీ, మేనబావను చేసుకుంటే థర్డ్ డిగ్రీ అని లెక్క. మన కుటుంబాల్లో ఇంతగా నడిచిన సంగతికి ఇంగ్లీషు పేరు ఈ మాట చుట్టమే కావడం వల్ల, దీన్ని నేర్చుకున్నాక సాంగ్విన్‌ను మర్చిపోవడం కష్టం. ఇంట్లో నర్సులెవరైనా ఉంటే సీరోసాంగ్వినియస్ అన్న మాట అడగండి, ఆపరేషన్ తర్వాత డ్రెయిన్‌లో వచ్చే పల్చటి గులాబీరంగు ద్రవానికి వాళ్లు రాసే మాట అది.

సాంగ్‌ఫ్రా అనే మాట ఫ్రెంచి నుంచి నేరుగా వచ్చింది, అక్షరాలా చల్లని నెత్తురు. కానీ "కోల్డ్ బ్లడెడ్ మర్డర్"లోని కర్కశత్వం ఇందులో లేదు, ఆపదలో తొణకని నిబ్బరం అని అర్థం, మెచ్చుకునే మాట. ఆఖరి ఓవర్లో ఫీల్డింగ్ సర్దుకుంటున్న కెప్టెన్‌కు ఇది సరిపోతుంది. స్పెయిన్ వాళ్ల ఎర్ర వైన్ పానీయం సాంగ్రియా కూడా నెత్తురు మాటలోంచి వచ్చిందే. ఎర్రసుద్దతో గీసే బొమ్మలనూ సాంగ్విన్ అంటారు, లియొనార్డో డావిన్చీ అలాంటివి చాలా గీశాడు. మ్యూజియం బోర్డు మీద ఈ మాట కనిపిస్తే అక్కడ ధీమా కోసం వెతకొద్దు.

8. ఎక్కడ వాడకూడదో తెలుసుకోండి

మూడో మెట్టులో చెప్పిన ఫార్మల్ గుర్తు ఇక్కడ పనికొస్తుంది. ఆఫీసు చాట్‌లో మేనేజర్‌కు "ఐ యామ్ సాంగ్విన్ అబౌట్ టుడేస్ రిలీజ్" అని పెడితే అర్థం అవుతుంది గానీ వింతగా ఉంటుంది. అక్కడ కాన్ఫిడెంట్, ఆప్టిమిస్టిక్ చాలు. ఇంటర్వ్యూలో కూడా అంతే, ఎదుటివాళ్లకు ఈ మాట తెలియకపోతే ఇద్దరికీ ఇబ్బంది. ఎస్సేలో, విశ్లేషణలో, ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో ఇది నిండుగా ఉంటుంది. ఒక వ్యాసంలో ఒక్కసారి వస్తే అందం, మూడుసార్లు వస్తే మాట కోసం వ్యాసం రాసినట్టుంటుంది.

జీఆర్‌ఈ రాసేవాళ్లకు ఒక ముక్క. 2011 ఆగస్టు నుంచి ఆ పరీక్షలో విడిగా వ్యతిరేక పదాల ప్రశ్నలు లేవు, అంతా వాక్యాల్లోనే. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం ఇచ్చే రెండింటిని ఎంచుకోమంటారు. సాంగ్విన్‌కు జోడీగా ఆప్టిమిస్టిక్, హోప్‌ఫుల్, బాయంట్ లాంటివి రావచ్చు. ఎదురు దిక్కున డెస్పాండెంట్, పెసిమిస్టిక్, మొరోస్. ఆప్షన్లలో సాంగ్వినరీ కనిపించిందంటే ఉచ్చు బిగించారని అర్థం.

9. సొంతంగా రాయండి, అదీ మీకు తెలిసిన విషయాల మీదే

అయిదు వాక్యాలు చాలు, కానీ ప్రతిదీ మీ జీవితంలోని నిజమైన సంగతి మీద ఉండాలి. మీ ఊరి చెరువు ఈ ఏడు నిండుతుందా, అన్నయ్య వీసా వస్తుందా, మిర్చి ధర నిలబడుతుందా, మన టీమ్ ఫైనల్‌కు వెళ్తుందా, నోటిఫికేషన్ ఈ ఏడాదైనా పడుతుందా. రెండు వాక్యాల్లో ధీమా ఉండాలి, రెండింటిలో "నాట్ సో సాంగ్విన్" రావాలి, ఒకదాంట్లో ఎవరి మితిమీరిన ధీమానైనా తప్పుపట్టాలి. రాశాక పైకి చదవండి. ప్రతి వాక్యంలో సాంగ్విన్ తీసేసి ఆప్టిమిస్టిక్ పెట్టి చూడండి, ఏమీ తేడా అనిపించకపోతే ఆ వాక్యంలో ఇంకాస్త సందర్భం కావాలి. ఆ ధీమాకు ఎదురుగా ఒక అడ్డంకి గానీ, ఒప్పుకోని మనిషి గానీ పెట్టండి, అప్పుడు మాట నిలబడుతుంది.

చివరిగా గుర్తుంచుకోవడం. ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డ్ యాప్ వాడేవాళ్లు ఒకవైపు మాట, ఇంకోవైపు అర్థం పెట్టకండి. మీరు రాసిన వాక్యంలోనే ఆ చోటు ఖాళీ ఉంచి కార్డు చేయండి, వెనుక వైపు మాటతో పాటు "అబౌట్" కూడా రాయండి. యాప్ లేకపోతే నోటుబుక్కే తెరిచి రేపు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి, నెలకు చూడండి. ఈలోపు పేపర్లో ఈ మాట తగిలితే ఆ వాక్యాన్ని కత్తిరించో, ఫొటో తీసో అదే పేజీలో అతికించండి.

ఆ పేజీ నిండాక పక్క పేజీలో ఫ్లెగ్మాటిక్ అని రాయండి. నాలుగు ద్రవాల్లో కఫం వంతు అది. తర్వాత పసుపు పిత్తం వంతు కోలెరిక్, నల్ల పిత్తం వంతు మెలాంకలిక్ ఉన్నాయి, పుట్టుక కథ మీకు ఇప్పటికే తెలుసు కాబట్టి ఆ మూడింటికీ నేరుగా అయిదో మెట్టు నుంచి మొదలుపెట్టొచ్చు.